డంబార్టన్‌లో కట్టిన నది స్టీమరు రంగూన్‌కి ఎలా చేరింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ ముత్తాతగారు కాకినాడ వైపు నుంచి రంగూన్ వెళ్లి స్టీమర్ల యార్డులో పనిచేశారు. ఇంట్లో మిగిలిన ఒక ఫొటోలో రెండంతస్తుల చక్రాల స్టీమరు ఉంది. దాని ఇత్తడి పలక మీద "డెన్నీ, డంబార్టన్" అని చదవగలిగారు, అంటే స్కాట్లాండ్‌లోని డంబార్టన్ ఊళ్లో ఉన్న డెన్నీ యార్డు. బర్మాలోని ఐరావతి లాంటి ఇసుకమేటల నదిలో తిరిగే పడవ స్కాట్లాండ్ నుంచి సముద్రాలు దాటి ఎలా వచ్చింది? అసలు అంత దూరాన ఎందుకు కట్టించారు?

చాలా మటుకు అది పడవగా రాలేదు, ముక్కలుగా వచ్చింది. డంబార్టన్‌లో మొత్తం పడవను బోల్టులతో ఒకసారి నిలబెట్టి, ప్రతి ముక్కకూ గుర్తు వేసి, విప్పి, సరుకు ఓడలో రంగూన్‌కి పంపేవారు. రంగూన్ ఎదుట, నదికి అవతలి ఒడ్డున డల్లా యార్డు ఉండేది. అక్కడ రివెట్లు (ప్లేట్లను కలపడానికి కాల్చి కొట్టే ఇనుప మొలలు) కొట్టి శాశ్వతంగా బిగించి నీళ్లలోకి దించేవారు. ఇక డంబార్టనే ఎందుకంటే, తేలికైన పడవను ముందే లెక్క కట్టి, ఆ లెక్క ప్రకారమే కట్టడంలో ఆ ఊరిని మించినవాళ్లు అరుదు. దానికి తోడు కట్టేవాళ్లకూ కట్టించేవాళ్లకూ మధ్య డబ్బు సంబంధం ఉంది. రెండూ వివరంగా చెబుతాను.

ముందు, తనంతట తాను ఎందుకు రాలేదో చూద్దాం. ఆ నదిలో స్టీమర్లు నడిపిన ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ పెద్ద స్టీమర్లలో సియాం తరగతి పేరున్నది: 326 అడుగుల పొడవు, 46 అడుగుల వెడల్పు. ఇలాంటి నది పడవ ఒడలు (నీటి మీద తేలే పడవ దేహం, ఇంగ్లీషులో హల్) పది, పదకొండు అడుగుల ఎత్తుకు మించి ఉండవు. అంటే పొడవు ఎత్తుకు ముప్పై రెట్లకు దగ్గర. సముద్రపు ఓడల్లో ఈ నిష్పత్తి పది, పన్నెండు దగ్గర ఆగుతుంది. ఓడ బలం లెక్క కట్టేటప్పుడు, ఓడ పొడవున్న అల, ఆ పొడవులో ఇరవయ్యో వంతు ఎత్తున్న అల వచ్చిందనుకోవడం పాత కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. 326 అడుగులకు అది 16 అడుగుల అల. పడవ ఒడలే అంతకన్నా పొట్టి! అల శిఖరం నడుమ కిందికి వస్తే రెండు కొసలూ వాలతాయి, పల్లం వస్తే నడుము కుంగుతుంది. పావు అంగుళం ప్లేట్లతో కట్టిన ఒడలు అలా వేల సార్లు వంగితే ముందు రివెట్లు వదులవుతాయి, తర్వాత పై డెక్కు ప్లేట్లు ముడతలు పడతాయి.

అయినా కొన్నిటిని సొంతంగానే నడిపించుకుంటూ తెచ్చిన సందర్భాలున్నాయి. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఆ దారి కొంత తేలికైంది. అలా తెచ్చేటప్పుడు కింది డెక్కు చుట్టూ చెక్కలతో మూసేస్తారు, లోపల దూలాలతో ఊతం పెడతారు, ఒడ్డు పట్టుకుని మంచి వాతావరణం చూసుకుని నడుపుతారు. బీమా ఖర్చు, సిబ్బంది ఖర్చు, ప్రమాదం అన్నీ ఎక్కువే.

ఇక విప్పి పంపే పద్ధతి. నా దృష్టిలో దీని విలువంతా మొదటి దశలోనే ఉంది. డ్రాయింగులో ఉన్న ఆకారాన్ని యార్డులో లాఫ్ట్ అనే పొడవాటి చెక్క అంతస్తు నేల మీద పూర్తి సైజులో గీస్తారు. చిన్న కాగితం మీద కనిపించని వంకర అక్కడ కనిపిస్తుంది. పలుచటి చెక్క బద్దను మేకుల మధ్య వంచి, గీత ఎక్కడా గుంట పడకుండా సాగేదాకా కొలతలు సవరిస్తారు. సవరించిన గీతల నుంచి ప్రతి పక్కటెముకకూ, వంపు ఉన్న ప్రతి ప్లేటుకూ చెక్క అచ్చు తీస్తారు. ఈ అచ్చులు దాచుకుంటే అదే తరగతి పడవ మరొకటి కట్టడం సులువు. పైగా పదేళ్ల తర్వాత ఒక ప్లేటు పాడైతే డంబార్టన్‌లో బెజ్జాలతో సహా కొత్తది చేసి పంపవచ్చు.

పక్కటెముకలకు ఎల్ ఆకారపు ఇనుప కడ్డీలను కొలిమిలో ఎర్రగా కాల్చి, బెజ్జాలున్న బరువైన పోత ఇనుప నేల మీద మేకులు పాతి, ఆ మేకుల వరసకు ఆనించి వంచుతారు. కడ్డీ చల్లారేటప్పుడు కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. అందుకే అనుభవజ్ఞుడు కావలసిన వంపుకన్నా కాస్త ఎక్కువే వంచుతాడు. తర్వాత ప్లేట్లకు బెజ్జాలు. పంచింగ్ యంత్రంతో గుద్దితే పని వేగంగా అవుతుంది కానీ, బెజ్జం అంచు చుట్టూ స్టీలు గట్టిపడి పెళుసవుతుంది. కాబట్టి ముఖ్యమైన చోట్ల కొంచెం చిన్న బెజ్జం గుద్ది, రీమరు అనే తిరిగే పనిముట్టుతో లోపల గీకి సరైన సైజుకు తెస్తారు. పాడైన అంచు ఆ గీకుడులో పోతుంది.

ఇప్పుడు ఏటవాలు కట్టడం మీద పడవ నిలబెడతారు. రివెట్లు కొట్టరు. మూడు నాలుగు బెజ్జాలకు ఒక బోల్టు చొప్పున బిగిస్తారు. ప్లేట్లు ఒకదానికొకటి ఆనుకున్నాయా, బెజ్జాలు ఎదురెదురుగా వచ్చాయా, యంత్రం కూర్చునే చోటు సమతలంగా ఉందా అన్నది ఇక్కడే తేలాలి. తేలాక గుర్తులు వేస్తారు. పక్కటెముకలకు నంబర్లు. ప్లేట్ల వరసలకు అడుగు దూలం పక్క నుంచి పైకి ఎ, బి, సి అని అక్షరాలు. ఎడమా కుడా అన్నది వేరుగా. రంగుతో రాసిన గుర్తు ప్రయాణంలో రాసుకుపోతుంది, అందుకే ఉలితోనో అచ్చుతోనో లోహంలోకే దించాలి. ఎడమ ప్లేటు, కుడి ప్లేటు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. గుర్తు పోతే తారుమారు చేయడం చాలా తేలిక. బెజ్జాలు దాదాపు సరిపోతాయి, కానీ పూర్తిగా సరిపోవు. తప్పు బయటపడేది పది ప్లేట్లు బిగించాక!

విప్పిన పలుచటి ప్లేట్లకు చాలాసార్లు జింకు పూత వేసి పంపేవారు. ఉప్పుగాలిలో నెలల తరబడి ఓడ అడుగున పడి ఉండేవి కదా. రివెట్లు, బోల్టులు అదనంగా లెక్కగట్టి పెట్టేవారు, ఎందుకంటే ఒక్క సైజు రివెట్లు తగ్గినా మళ్లీ స్కాట్లాండ్ నుంచే రావాలి. బాయిలర్ మాత్రం విప్పడం కుదరదు. దాన్ని బెజ్జాలన్నీ మూసి, నిండు వస్తువుగానే పంపాలి. రేవులో దాన్ని ఎత్తగల క్రేను ఉందా అన్నది డిజైను దశలోనే చూసుకోవాలి.

డల్లా వంటి యార్డులో మళ్లీ నిలబెట్టేటప్పుడు వచ్చే ఇబ్బందులు మూడు రకాలు. మొదటిది నేల. నది ఒండ్రు మట్టి మీద పేర్చిన దిమ్మెలు వానాకాలంలో ఒకో చోట ఒకోలా దిగుతాయి. అడుగు దూలం వంకరైతే ఆ వంకరతోనే పడవ పుడుతుంది. అందుకే వారం వారం చూపు గీతతో సరిచూసి, కింద చీలలు కొట్టి సరిచేయాలి. రెండోది బెజ్జాలు కలవకపోవడం. ప్రయాణంలో వంగిన ప్లేటును తిన్నగా కొట్టాలి, లేదా బెజ్జాన్ని రీమరుతో సవరించి ఒక సైజు పెద్ద రివెట్ వేయాలి. తొందరలో కూసు ఇనుప కడ్డీ దూర్చి సుత్తితో బాది బెజ్జాలను బలవంతంగా కలిపితే ఆ రోజుకి పని అవుతుంది. కానీ అంచు సాగి, సన్నటి చీలిక మొదలై, కొన్నేళ్లకు అక్కడే నీరు ఊరుతుంది.

మూడోది రివెట్ పని. దీని మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే యార్డు పని అంటే మీ ముత్తాతగారు చూసిందీ విన్నదీ ఎక్కువగా ఇదే అయి ఉంటుంది. స్కాట్లాండ్‌లో క్లైడ్ నది యార్డుల పద్ధతిలో ఒక రివెట్ జట్టులో ఇద్దరు సుత్తివాళ్లు ఉంటారు. ఒకరు కుడిచేతి వాటం, ఒకరు ఎడమచేతి వాటమైతే దెబ్బలు అడ్డుపడకుండా పడతాయి. ప్లేటుకు అవతల బరువైన ఇనుప దిమ్మెతో రివెట్ తలను అదిమి పట్టేవాడు ఒకడు. కొలిమి దగ్గర రివెట్లు కాల్చి అందించే కుర్రవాడు ఒకడు. రివెట్ నారింజ రంగు వెలుగులో ఉన్నప్పుడు పెట్టాలి. తెల్లబడి నిప్పురవ్వలు రాల్చిందంటే లోహం కాలిపోయినట్టే, పారేయాలి. తక్కువ కాలితే బెజ్జం నిండదు. సరిగ్గా పెట్టిన రివెట్ చల్లారేటప్పుడు కుంచించుకుని రెండు ప్లేట్లనూ తనే లాగి బిగిస్తుంది. తనిఖీ చేసేవాడు ఒక పక్క వేలు ఆనించి, మరో పక్క చిన్న సుత్తితో తడతాడు. వదులుగా ఉంటే వేలికి తెలుస్తుంది.

నీరు కారకూడని అతుకులో రివెట్ల మధ్య దూరం రివెట్ మందానికి మూడున్నర నుంచి నాలుగు రెట్లు. పక్కటెముకలకు ప్లేటును పట్టే చోట ఏడెనిమిది రెట్లు ఉన్నా చాలు. పావు అంగుళం ప్లేటుకు అర అంగుళం నుంచి 5/8 అంగుళం రివెట్ సరిపోతుంది. తర్వాత ప్లేటు అంచును మొద్దు ఉలితో కొట్టి అవతలి ప్లేటుకు కరిపించి నీరు రాకుండా మూస్తారు. ఇక్కడే పలుచటి నది పడవ వేరైపోతుంది. ప్లేటు మరీ పలుచగా ఉంటే ఆ ఉలి దెబ్బకు అంచు ఉబ్బి, రివెట్ల మధ్య నోరు తెరుచుకుంటుంది. అందుకే రివెట్లు మరింత దగ్గరగా వేసి, అతుకులో రెడ్ లెడ్ (ఎర్ర సీసం పూత) పట్టించిన గుడ్డ పట్టీ పెట్టి బిగించాలి.

ఈ పద్ధతికి కళ్లెదుటి సాక్ష్యం కావాలంటే స్కాట్లాండ్‌లోనే లాక్ కాట్రిన్ అనే సరస్సులో ఉన్న సర్ వాల్టర్ స్కాట్ స్టీమరును చూడండి. 110 అడుగుల ఈ పడవను డెన్నీ వాళ్లు 1899లో కట్టారు. డంబార్టన్‌లో బోల్టులతో నిలబెట్టి, విప్పి, లాక్ లోమండ్ అనే మరో సరస్సు మీదుగా బార్జిలో, అక్కణ్ణించి గుర్రపు బండ్ల మీద కొండదారిలో తీసుకెళ్లి, సరస్సు ఒడ్డున రివెట్లు కొట్టారు. మొత్తం ధర 4,269 పౌన్లు, అందులో 2,028 పౌన్లు చేరవేతకే. నలభై మైళ్లయినా లేని దారికి ఇంత! అంటే విప్పి పంపడం చవక అని కాదు, వేరే దారి లేని చోట నమ్మదగ్గ దారి అని అర్థం.

రంగూన్ విషయంలో ఈ చేరవేత ఖర్చును మింగగలిగే ఏర్పాటు ముందే ఉంది. ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీ 1865లో పుట్టింది, అప్పటికి ప్రభుత్వం దగ్గరున్న కొద్దిపాటి స్టీమర్లనూ, వాటి పక్కన కట్టి లాగే ఫ్లాట్లు అనే సరుకు పడవలనూ కొనుక్కుని. నడిపించినవాళ్లు గ్లాస్గోకి చెందిన హెండర్సన్ సంస్థ. డంబార్టన్ యార్డు యజమాని పీటర్ డెన్నీకి అందులో పెట్టుబడీ, పెత్తనంలో పాలూ రెండూ ఉన్నాయి. హెండర్సన్ వాళ్లకే గ్లాస్గో నుంచి రంగూన్‌కి నడిచే సముద్రపు ఓడలుండేవి, వాటిలోనూ ఎక్కువ భాగం డెన్నీ కట్టినవే. డెన్నీ కట్టిన పడవ, డెన్నీ కట్టిన ఓడ కడుపులో, డెన్నీకి వాటా ఉన్న కంపెనీ కోసం వెళ్లేది. యార్డుకు పని ఆగదు, ఓడకు సరుకు తప్పదు.

కానీ డబ్బు సంబంధం ఒక్కటే అయితే పడవలు ఇంత కాలం పనిచేసేవి కావు. డంబార్టన్ గొప్పతనం పెద్ద ఓడల్లో లేదు, బరువు లెక్కలో ఉంది. ఆ ఊరు లెవెన్ అనే చిన్న నది క్లైడ్‌లో కలిసే చోట, కోట ఉన్న బండరాతి కొండ పక్కన ఉంటుంది. లెవెన్ ఇరుకు. క్లైడ్‌బ్యాంక్ వాళ్లలా మహా నౌకలు దించే వీలు లేదు. కాబట్టి డెన్నీ సంస్థ నది స్టీమర్లు, చిన్న దూరాలు వేగంగా దాటే ప్రయాణికుల ఓడలు, బర్మా, ఇండియా దారుల్లో తిరిగే మధ్యరకం ఓడలు ఎంచుకుంది. వీటన్నిటిలో గెలుపు ఓటములు కొన్ని టన్నులు, కొన్ని అంగుళాల మీద ఆధారపడతాయి.

ఆ అంగుళాలు ఎంత ఖరీదైనవో లెక్క వేసి చూడండి. 326 అడుగుల పొడవు, 46 అడుగుల వెడల్పు. నీటి గీత దగ్గర కొసలు సన్నబడతాయి కాబట్టి 0.85తో గుణిస్తే సుమారు 12,750 చదరపు అడుగులు. మంచినీరు 36 ఘనపు అడుగులు ఒక టన్ను. అంటే పడవ ఒక అంగుళం దిగాలంటే దాదాపు 30 టన్నుల బరువు చాలు. ఈ తరగతి స్టీమరుకు 4,200 మంది డెక్కు ప్రయాణికుల అనుమతి ఉండేది. టన్నుకు 14 మంది వేసుకుంటే 300 టన్నులు, పది అంగుళాలు. ఇప్పుడు ప్లేట్ల సంగతి. ఒక చదరపు అడుగు స్టీలు, అంగుళం మందం ఉంటే 40.8 పౌన్ల బరువు. ఒడలు మొత్తానికి ప్లేటు మందం 1/16 అంగుళం పెంచితే సుమారు 22 టన్నులు పెరుగుతుంది, పడవ ముప్పావు అంగుళం దిగుతుంది. ఎండాకాలంలో వెదురు గడతో లోతు చూసుకుంటూ ఇసుకమేటల మధ్య పడవ నడిపే సరంగుకి ఈ ముప్పావు అంగుళం చిన్న విషయం కాదు.

అందుకే స్టీలు డంబార్టన్‌కి అంత ముఖ్యమైంది. 1870ల చివర్లో ఓడల కట్టుబడికి నియమాలు పెట్టే లాయిడ్స్ రిజిస్టర్ సంస్థ, ఇనుము బదులు మైల్డ్ స్టీలు (కార్బన్ తక్కువున్న మెత్తటి స్టీలు) వాడితే మందం ఇరవై శాతం తగ్గించుకోవచ్చని ఒప్పుకుంది. ఇనుముతో 400 టన్నులయ్యే ఒడలు స్టీలుతో 320 అవుతాయి. పై లెక్క ప్రకారం రెండున్నర అంగుళాలకు పైనే మిగులు. డెన్నీ యార్డు 1879లో న్యూజిలాండ్ వాళ్ల కోసం రోటోమహానా అనే ఓడను మైల్డ్ స్టీలుతో కట్టింది, సముద్రపు వర్తక నౌకల్లో అది మొదటిది. తర్వాత అది రాయికి తగిలినప్పుడు ప్లేట్లు సొట్టపోయాయే తప్ప చీలలేదు. స్టీలు మీద అనుమానాలు తగ్గడానికి అది బాగా పనికొచ్చింది.

రెండో ఆయుధం నమూనాల తొట్టి. ఇంజనీరు విలియం ఫ్రూడ్ ఇంగ్లండ్‌లోని టోర్కీ ఊళ్లో చూపించిన పద్ధతిని పీటర్ డెన్నీ కొడుకు విలియం డెన్నీ పట్టుకుని, 1883లో సుమారు 100 మీటర్ల పొడవున్న నీటి తొట్టి కట్టించాడు. వాణిజ్య యార్డు ఒకటి సొంతానికి అలాంటిది కట్టుకోవడం ప్రపంచంలో అదే మొదలు. పారఫిన్ మైనంతో నమూనా పోసి, చెక్కి, పట్టాల మీద నడిచే బండితో నీటిలో లాగి, ఎంత బలం పడుతోందో కొలుస్తారు. సూత్రం ఇది: నమూనా పొడవు పదహారో వంతైతే వేగం నాలుగో వంతు ఉండాలి. 326 అడుగుల స్టీమరుకు 20 అడుగుల నమూనా, 12 నాట్లకు 3 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు). అప్పుడే అలల ఆకారం రెంటికీ ఒకటవుతుంది. ఆ తొట్టి ఇప్పటికీ ఉంది, స్కాటిష్ మారిటైమ్ మ్యూజియంలో భాగం. ఈ చరిత్రలో ఒక్కటే చోటు చూడగలిగితే నేను అక్కడికే వెళ్లమంటాను.

లోతు తక్కువ నీటిలో ఇంకో చిక్కుంది. పది అడుగుల లోతులో ఏ అలా సుమారు పదిన్నర నాట్లకు మించి పరుగెత్తలేదు. పడవ ఆ వేగానికి దగ్గరయ్యేకొద్దీ తన అలను తనే ఎక్కాల్సి వస్తుంది. బొగ్గు విపరీతంగా కాలుతుంది, వెనక భాగం కిందికి కూరుకుపోతుంది. తెలియనివాడు ఆవిరి పెంచుతాడు, పడవ నేల తాకుతుంది. సరైన పని వేగం తగ్గించడం.

కొన్ని జాగ్రత్తలు. ఐరావతిలో తిరిగినవన్నీ డెన్నీవి కావు. యారో యార్డు కూడా కట్టింది, ఇప్పటికీ పేరు వినిపించే పండా 1947లో యారో కట్టిందే. అలాగే పడవ మీద రెండు పలకలుండొచ్చు. ఒడలు కట్టింది విలియం డెన్నీ అండ్ బ్రదర్స్, యంత్రాలు చేసింది డెన్నీ అండ్ కంపెనీ. 1918లో కలిసేదాకా ఇవి రెండు వేర్వేరు సంస్థలు. డంబార్టన్‌లోనే పుట్టిన పేరున్న తెరచాప ఓడ కట్టీ సార్క్‌ను డెన్నీ ఓడ అనేవాళ్లూ ఉన్నారు. దాన్ని మొదలుపెట్టింది స్కాట్ అండ్ లింటన్, వాళ్లు దివాలా తీశాక 1869లో డెన్నీ పూర్తి చేసింది.

మనవాళ్ల సంగతికొస్తే, నది స్టీమర్ల మీద సరంగులు, కలాసీలు ఎక్కువగా చిట్టగాంగ్ వాళ్లు. తెలుగువాళ్లు, అక్కడి మాటలో కోరంగీలు, రేవులో బరువులు మోయడంలో, మిల్లుల్లో ఎక్కువ. 1930 మేలో రంగూన్ రేవులో గొడవలు మొదలైంది సమ్మె చేసిన తెలుగు కూలీలకూ, వాళ్ల స్థానంలో పెట్టుకున్న బర్మా కూలీలకూ మధ్యే. కాబట్టి "స్టీమర్ల యార్డు" అని ఇంట్లో చెప్పుకున్నది డల్లా కావచ్చు, రేవు కూడా కావచ్చు. రెండు దారులూ తెరిచి ఉంచుకోండి. 1942లో జపాను సైన్యం వస్తుంటే కంపెనీ తన పడవలను వందకు పైగా తనే నదిలో ముంచేసింది. 1948లో మిగిలింది జాతీయమైంది. డెన్నీ యార్డు 1963లో మూతపడింది.

ఫొటోలోని పడవను పట్టుకోవాలంటే పలకను ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేయించండి. సంవత్సరం, ఉంటే యార్డు నంబరు కావాలి. చక్రం మూత మీద పేరు రాసి ఉండే అవకాశం ఎక్కువ, అక్కడ వెతకండి. చక్రాలు పక్కలకున్నాయా, వెనకా? పొగగొట్టం చక్రానికి ముందా, వెనకా? ఇవి రాసుకుంటే తరగతి తేలుతుంది. డెన్నీ డ్రాయింగులు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్నాయి. అడిగేటప్పుడు పేరుతో పాటు సంవత్సరమో నంబరో ఇవ్వండి. ఒకే పేరు వేర్వేరు కాలాల్లో రెండు పడవలకు పెట్టడం ఓడల కంపెనీల్లో మామూలే, పేరొక్కటే పంపితే వేరే పడవ డ్రాయింగు మీ చేతికి రావచ్చు.